చుక్కల లెక్క: బారామహలు మొదలు నేటి వఱకు ఛాయాచిత్రమున స్పష్టతకై సాగిన పోటీ

జోలార్‌పేట నుండి సేలమునకు పోవు రైలు మార్గమున మొరప్పూరు తరువాత వచ్చు స్టేషనులలో ఒకటి బొమ్మిడి. దక్షిణమున సేర్వరాయ కొండలు, చుట్టును చిన్న కమతములు, వాటి నడుమ తమిళమును తెలుగును వినబడు పల్లెలు. 1965 అక్టోబరు 2వ తేదీన ధర్మపురి జిల్లా ఏర్పడువఱకు ఈ ప్రాంతము సేలము జిల్లాలోనిదే. ఆ జిల్లా ఉత్తర భాగమునకు బారామహలు అని పాత పేరు.

1857వ సంవత్సరము చివర ఈ సీమకు ఒక పెద్ద కెమేరా వచ్చెను. అప్పటికి రైలు రాలేదు. ఎడ్లబండ్లపై కెమేరాను, రసాయనముల సీసాలను, కాగితపు కట్టలను మోయించుకొని వచ్చినవాడు మద్రాసు సైన్యములోని కెప్టెన్ లినేయస్ ట్రైప్. అంతకు రెండేండ్ల ముందు, 1855లో, బర్మా రాజధానికి వెళ్లిన ఇంగ్లీషు రాయబారమునకు తోడుగా పోయి అచ్చటి కట్టడములను చిత్రించిన అనుభవము ఆయనకు కలదు. మద్రాసు ప్రభుత్వము ఆయనను తన ఛాయాచిత్రకారునిగా నియమించి, దక్షిణదేశపు దేవాలయములను, కోటలను చిత్రింపుమని పంపెను. ఆ యాత్రా ఫలముగా 1858లో వెలువడిన సంపుటములలో ఒకటి రాయకోట మఱియు సేలము జిల్లాలోని యితర స్థలముల చిత్రములకే కేటాయింపబడినది. రాయకోట బొమ్మిడికి ఉత్తరమున, 2004లో వేఱుపడిన కృష్ణగిరి జిల్లాలో నున్నది. 1791లో ఇంగ్లీషువారు టిప్పు సుల్తాను సేనల నుండి పట్టుకొనిన కొండకోట అది.

నేడు ఒక కొత్త కెమేరా రాబోవుచున్నదని వదంతి పుట్టినంతనే, దానిలో ఎన్ని మెగాపిక్సెళ్లుండునని జనులు ప్రశ్నింతురు. ఈ ప్రశ్న కొత్తదని తలంచుట పొరపాటు. ఒక చిత్రము ఎంత సన్నని వివరమును పట్టగలదు అను ప్రశ్న ట్రైప్ కాలమునను కలదు. ఆ వివరమును సంపాదించుటకు వేఱేమి వదలుకొనవలసి వచ్చును అను రెండవ ప్రశ్నయు అప్పటిదే. మొదటి ప్రశ్నను ఎల్లరును అడుగుదురు. రెండవదానిని అడుగువారు మాత్రము మిక్కిలి తక్కువ. ఛాయాచిత్రముల చరిత్ర అర్థమగుటకు ఆ రెండవ ప్రశ్నయే దారి చూపును.

ట్రైప్ వాడినది మైనము పట్టించిన కాగితపు నెగటివు. ఇంగ్లాండులో టాల్బటు 1841లో హక్కు పొందిన కాగితపు పద్ధతిని, పారిసునందలి ల గ్రే 1851లో మైనముతో మెఱుగుపఱచెను. అదే 1851లో లండనునందు ఆర్చరు గాజుపలకపై కొలోడియను పూసెడి పద్ధతిని ప్రకటించెను. గాజునకు నారలు లేవు గనుక సూక్ష్మ వివరము దానిపై చక్కగా నిలుచును. కాగితమునందైన నారల నీడయే వివరమును కొంత మ్రింగివేయును. అట్లయినను ట్రైప్ ఈ యాత్రలో కాగితమునే యేల పట్టుకొనెను? కొలోడియను పలక తడియారక ముందే చిత్రము తీసి, కడిగి ముగింపవలెను. మద్రాసు రాజధాని యెండలలో ఆ తడి ఎంతసేపు నిలుచును? మైనపు కాగితమునైతే ముందుగనే సిద్ధపఱచుకొని దారిలో మోసికొని పోవచ్చును. అనగా ఆయన కొంత స్పష్టతను వదలి, పని జరుగు సాధ్యతను కొనెను.

ఆ నష్టమును ఆయన వేఱొక దారిని పూడ్చుకొనెను. నెగటివు పరిమాణమును పెంచెను. ఆయన కాగితములు సుమారు 15 అంగుళముల పొడవు, 12 అంగుళముల వెడల్పు గలవి. నాడు నెగటివును పెద్దదిగా విస్తరించి అచ్చువేయుట వాడుకలో లేదు. నెగటివు ఎంతయో చిత్రమును అంతయే. నారలు అట్లే యున్నను, అంత పెద్ద తలముపై వాటి దోషము కంటికి చిన్నదగును. నేటి కెమేరా శాస్త్రజ్ఞులు సెన్సారును, అనగా వెలుతురును గ్రహించు పలకను, పెద్దదిగా చేయవలెనని చెప్పుటకు కారణమును ఇంచుమించు ఇదియే.

వెలుతురు విషయమునను ఆయన మూల్యము చెల్లించెను. ఆ కాగితమునకు చిత్రము పట్టుటకు నిమిషముల కొలది కాలము పట్టుట సామాన్యము. కదలెడి మనిషి అందు నిలువడు. నాటి దృశ్యములలో కోటలును గోపురములును జనశూన్యముగా కనబడుటకు జనులు లేకపోవుట కారణము కాదు. నాటి రసాయనములు నీలివెలుతురునకు అతిగా స్పందించెడివి గనుక ఆకాశము తెల్లని ఖాళీగను, పచ్చని చెట్లు నల్లని ముద్దలుగను వచ్చెడివి. ట్రైప్ కుంచె పట్టి, నెగటివుపై రంగు పూసి, లేని మేఘములను సృష్టించెను. ఆకుల గుబురులకు వెలుగునీడలు కల్పించెను. కెమేరా పట్టలేని దానిని చేతితో చేర్చుట మోసమా, నేర్పా అని నేడును వాదములు జరుగుచునే యున్నవి. 2023లో ఒక ఫోనుతో తీసిన చంద్రబింబపు చిత్రములలోని మచ్చలు కటకము చూచినవి కావనియు, ఫోనులోని గణనయంత్రము చేర్చినవనియు పెద్ద వివాదము చెలరేగెను. ట్రైప్ మేఘములకును ఆ మచ్చలకును భేదము ఒకటి కలదు: ట్రైప్ చేసినది నెగటివుపై ఇప్పటికిని కంటికి కనబడును.

రాయకోట దాటి దక్షిణమునకు పోయిన ట్రైప్ తంజావూరున ఎదుర్కొన్న సమస్య మఱియు ఆసక్తికరమైనది. బృహదీశ్వరాలయపు అధిష్ఠానము చుట్టును శాసనము చెక్కబడియున్నది. దూరమున నిలిచి తీసినచో గోడయంతయు వచ్చును గాని అక్షరములు కనబడవు. దగ్గఱకు పోయినచో అక్షరములు వచ్చును గాని శాసనము ముక్కలగును. ఆయన ముక్కలనే యెన్నుకొనెను. వరుసగా 21 చిత్రములు తీసి, ఒకదాని ప్రక్క ఒకటి అతికి, సుమారు 19 అడుగుల పొడవుగల ఒకే చిత్రమును తయారుచేసెను. ఒక పలక మోయలేని వివరమును పలు పలకలకు పంచుట యనునది అప్పటికే తెలిసిన ఉపాయము. నేడు ఫోనును అడ్డముగా త్రిప్పి పొడవైన దృశ్యమును తీయువారు, తెలిసియో తెలియకయో, ఆ పనినే చేయుచున్నారు.

తెలుగువారికి అంతకంటె దగ్గఱి విషయము అమరావతి శిల్పములది. గుంటూరున అధికారిగా నున్న వాల్టరు ఇలియటు 1845లో అమరావతి స్తూపమును త్రవ్వించి వెలికితీసిన శిలలు మద్రాసు చేరి, అచ్చటి మ్యూజియము ఆవరణలో నుండెను. 1858లో ట్రైప్ వాటిని ఒక్కొక్కటిగా చిత్రించెను. ఇలియటు పాలరాళ్లను పేర ఆ చిత్రముల సంపుటము అదే సంవత్సరము వెలువడెను. మఱుసటి యేడు, 1859లో, ఆ శిలలలో పెక్కు ఓడలపై లండనునకు తరలింపబడినవి. 1867లో ఫెర్గూసను అను పండితుడు వెదకి పట్టుకొనువఱకు అవి అచ్చట ఇంచుమించు మఱుగుపడియే యుండెను. ఇప్పుడవి బ్రిటిషు మ్యూజియములో గాజు వెనుక నున్నవి. అమరావతికి పోయి చూడగోరు తెలుగువానికి ఆ శిలలు అక్కడ లేవు. వాటి ప్రయాణమునకు ముందు, ఈ దేశపు వెలుతురులో, అవి ఎట్లుండెనో చెప్పు సాక్ష్యము ఆ చిత్రములే. పద్మపు రేకు అంచు విఱిగినది మద్రాసులోనా, ఓడలోనా, లండనులోనా అను ప్రశ్న పుట్టినప్పుడు స్పష్టత యనునది విలాసము కాదు, అదియే సాక్షి.

అయినను మద్రాసు ప్రభుత్వమునకు అది విలాసముగనే తోచినది. 1859లో గవర్నరుగా వచ్చిన సర్ చార్లెసు ట్రెవెల్యను ఖర్చు తగ్గింపులో భాగముగా ఈ పనిని ఆపించెను. 1860 నాటికి ట్రైప్ కార్యాలయము మూతపడెను. ఆ మరుసటి యేడు రైలు సేలము చేరినది. కొంచెము ఓపిక పట్టియుండినచో ఎడ్లబండ్ల ఖర్చైనను మిగిలియుండెడిది.

తరువాతి నూఱేండ్ల కథను త్వరగా దాటవచ్చును. గాజుపలకకు పొడి పూత వచ్చినది. తడి బాధ తీఱినది. సికిందరాబాదున స్టూడియో పెట్టి, ఆఱవ నిజాము మహబూబు అలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడైన లాలా దీనదయాళు (1844–1905) గాజుపలకలు రెండు వేలకు పైగా 1989లో ఢిల్లీయందలి ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. వాటి నుండి నేడు అచ్చు తీసినను తలపాగా నేతలోని పోగులు కనబడును. పిదప ఫిల్ము వచ్చినది. పలక చిన్నదైనది, వివరము తగ్గినది, కాని కెమేరా జేబులోనికి వచ్చినది. ఇచ్చటను ఒకటి పోయి ఒకటి వచ్చినది.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బాయిలు, స్మితు అను ఇరువురు శాస్త్రజ్ఞులు వెలుతురును విద్యుత్తుగా మార్చి గడులలో నిలువజేయు సిలికాను బిళ్లను కనిపెట్టిరి. 2009లో వారికి నోబెలు బహుమానము లభించినది. 1975లో కోడాకు సంస్థలో స్టీవెను ససను దానితో ఒక కెమేరా కట్టెను. బరువు సుమారు 3.6 కిలోలు. చిత్రము నలుపు తెలుపు. అడ్డముగ 100 గడులు, నిలువుగ 100 గడులు, మొత్తము 10,000 చుక్కలు. ఒక చిత్రము టేపుపై ఎక్కుటకు 23 సెకనులు పట్టెను. ట్రైప్ కాగితము దీనిని చూచి నవ్వియుండును. ఫిల్ము అమ్మి బ్రదికిన ఆ సంస్థ తన యింట పుట్టిన ఈ బిడ్డను సరిగా పెంచలేకపోయెను. 2012 జనవరిలో దివాలా రక్షణను కోరవలసి వచ్చెను.

చుక్కల సంఖ్య తరువాత పెరిగిన తీరు ఆశ్చర్యకరము. 1991లో కోడాకు వారి వృత్తికెమేరాలో 13 లక్షలు; 1999లో నికాను డి1లో 27 లక్షలు; 2002లో కానను 1డిఎస్‌లో 1.11 కోట్లు, 2012లో నికాను డి800లో 3.63 కోట్లు, 2015లో కానను 5డిఎస్‌లో 5.06 కోట్లు, 2019లో సోనీవారి ఒక కెమేరాలో 6.1 కోట్లు, అదే యేడు మఱింత పెద్ద పలకగల ఫ్యూజీ కెమేరాలో 10.2 కోట్లు. ప్రతి మెట్టునకు ముందును వదంతులు నడచినవి. కానను సంస్థ 2010లో 12 కోట్ల చుక్కల సెన్సారును, 2015లో 25 కోట్లదానిని, 2025 జనవరిలో 41 కోట్లదానిని తయారుచేసితిమని ప్రకటించినది. అట్టి ప్రకటన వెలువడినపుడెల్ల అది రేపే అంగడికి వచ్చునని ఆశించినవారు కలరు. కాని అవి నిఘా, పరిశ్రమ, శాస్త్ర పరిశోధన మొదలగు పనులకు ఉద్దేశింపబడినవి. పెండ్లికి పట్టుకొని పోవు కెమేరాలుగా రాలేదు.

వదంతి సంఖ్యనే యేల మోయును? సంఖ్య నోటినుండి నోటికి చెడక పోగలదు గనుక. కటకపు గుణమును, నీడలలో నిలిచెడి వివరమును, చర్మపు వన్నెను ఎవ్వరును ఒక్క మాటలో చెప్పలేరు. 6 కంటె 10 పెద్దదని మాత్రము బడిపిల్లవానికిని తెలియును. అందుచేత అంగడి సంఖ్యను కొలబద్దగా చేసికొన్నది.

ఆ కొలబద్దలో దాగిన లెక్కను విప్పి చూడవలెను. చుక్కలు అడ్డమునను నిలువునను పఱచుకొనును. కావున రెండింతలు సన్నని వివరము కావలెనన్నచో చుక్కలు నాలుగింతలు కావలెను. 1.2 కోట్ల కెమేరాను విడిచి 2.4 కోట్ల కెమేరాను కొన్నవానికి సంఖ్య రెండింతలైనను, వివరము పెరుగునది 1.4 రెట్లు మాత్రమే. చేతిలో పట్టుకొని చూచెడి అచ్చునకు అంగుళమునకు 300 చుక్కలు చాలునని అచ్చువారి వాడుక. ఆ లెక్కన ట్రైప్ 15 అంగుళముల, 12 అంగుళముల చిత్రమునకు 1.62 కోట్ల చుక్కలు సరిపోవును. నేటి పెండ్లి ఆల్బములలో విప్పిన రెండు పుటలు కలిసి 36 అంగుళములు, ఎత్తు 12 అంగుళములు. ఒక పుటయంతయు నిండు చిత్రమునకు సుమారు 1.94 కోట్లు చాలును. అంతకు మించిన చుక్కలు చిత్రములో ఒక మూలను కత్తిరించి పెంచుటకు పనికివచ్చును. అచ్చులో మాత్రము కంటికి ఆనవు.

చుక్క చిన్నదగుకొలదియు అందులో పడు వెలుతురు తగ్గును. 2007లో ఇది స్పష్టముగా బయటపడెను. ఆ యేడు కానను సంస్థ 2.11 కోట్ల చుక్కల కెమేరాను ప్రకటింపగా, నికాను సంస్థ అంతే పరిమాణము గల పలకపై 1.21 కోట్లు మాత్రమే పెట్టి డి3 అను కెమేరాను తెచ్చెను. సంఖ్యలో సగమునకు కొంచె మెక్కువ. కాని గడులు పెద్దవి. మసక వెలుతురులో అది చూపిన నేర్పు వృత్తివారిని ఆశ్చర్యపఱచినది. తెల్లవారుజామున ముహూర్తము, పందిట పలుచని దీపములు, హోమపు పొగ, తల వంచిన వధువు — తెలుగు పెండ్లిని తీయువానికి ఈ కెమేరాలలో ఏది మేలో వేఱుగా చెప్పనక్కఱలేదు. అయినను బేరమాడ వచ్చిన పెండ్లివారు అడుగునది మెగాపిక్సెళ్లనే. ఆ ప్రశ్నకు వెఱచి, పాత అప్పు తీరక ముందే కొత్త కెమేరాకు అప్పుచేయు చిన్న ఊళ్ల స్టూడియోవారి స్థితి జాలి గొలుపునది.

ఫోనుల పోటీ మఱియు విచిత్రము. 2012లో నోకియా వారి ఫోనున 4.1 కోట్లు, 2020లో సామ్‌సంగు ఫోనున 10.8 కోట్లు, 2023లో 20 కోట్లు. ఈ చివరి దానిలో ఒక్కొక్క గడి వెడల్పు ఒక మైక్రానులో పదింట ఆఱు వంతులు మాత్రమే. వెలుతురు తరంగ స్వభావము గలది. ఎంత నిర్దుష్టమైన కటకమైనను ఒక బిందువును బిందువుగా నిలుపలేదు, చిన్న వలయముగా పఱచును. ఆ ఫోను కటకమునకు పచ్చని వెలుతురులో ఆ వలయపు వెడల్పు సుమారు 2.3 మైక్రానులు. అనగా వలయము వెడల్పులో నాలుగు గడులు పట్టును. గడిని ఇంకను సన్నగా కోసినను ప్రకృతి అంతకంటె సన్నని గీత గీసి యియ్యదు. ఈ సంగతి తయారుచేయువారికి తెలియనిది కాదు. అందువలననే ఆ ఫోను మామూలుగా 16 గడులను కలిపి ఒక చుక్కగా చేసి, సుమారు 1.2 కోట్ల చుక్కల చిత్రమునే యిచ్చును. పెట్టెపై 20 కోట్లు, చేతికి 1.2 కోట్లు. మంచి వెలుతురులో నిలుకడగల దృశ్యమునకు ఆ 20 కోట్లును కొంత ప్రయోజనము చూపునను మాట నిజమే. ఆ అవకాశము తఱచు వచ్చునది కాదు.

ఇంతవఱకు చెప్పినది నేలపై కెమేరాల సంగతి. తెలుగు గడ్డకు సంబంధించిన మఱియొక పోటీ ఆకాశమున జరిగినది. 1979లో భారతదేశము ప్రయోగించిన భాస్కర-1 ఉపగ్రహపు కెమేరాకు ఒక చుక్క నేలపై కిలోమీటరు. బొమ్మిడి ఊరును దాని పొలములును కలిసి అందు కొద్ది చుక్కలలో ముగియును. 1988 మార్చి 17న రష్యా రాకెట్టుపై బైకనూరు నుండి పైకెగిరిన ఐఆర్‌ఎస్-1ఎ ఉపగ్రహములోని మొదటి కెమేరాకు చుక్క 72.5 మీటర్లు. అనగా ఒక చుక్క విస్తీర్ణము సుమారు 1.3 ఎకరములు. ఇచ్చటి చిన్న రైతు కమతమంతయు, గట్లు, బావి, నాలుగు కొబ్బరిచెట్లతో సహా, ఒకే రంగు చుక్కగా కలిసిపోవును. హైదరాబాదు నందలి జాతీయ దూరసంవేదన సంస్థవారు షాద్‌నగరు కేంద్రమున అందుకొన్న చిత్రములు ఇట్టివి. పంట విస్తీర్ణమును జిల్లా లెక్కన అంచనా కట్టుటకు అవి పనికివచ్చెను. ఏ రైతు చేను ఎండినదో చెప్పుటకు చాలవు.

1995 డిసెంబరు 28న ఎగిరిన ఐఆర్‌ఎస్-1సి ఉపగ్రహములో చుక్క 5.8 మీటర్లకు దిగెను. విద్యుత్ సెన్సారులతో చిత్రములు పంపు పౌర ఉపగ్రహములలో అంత సన్నని చూపు నాడు ప్రపంచమున మఱి దేనికిని లేదు. 1999 సెప్టెంబరున అమెరికావారి ఇకోనోసు మీటరు చూపుతో వచ్చువఱకు ఆ గౌరవము భారతదేశముదే. తరువాత శ్రీహరికోట నుండి 2005లో కార్టోశాట్-1 (2.5 మీటర్లు), 2007లో కార్టోశాట్-2 (మీటరు కంటె తక్కువ), 2019 నవంబరు 27న కార్టోశాట్-3 (సుమారు 25 సెంటీమీటర్లు) ఎగిరినవి.

ఇచ్చటను మూల్యము కలదు. 72.5 మీటర్ల కెమేరా ఒక్క పర్యాయమున 148 కిలోమీటర్ల వెడల్పు నేలను చుట్టబెట్టెడిది. 5.8 మీటర్లదానికి ఆ పట్టీ 70 కిలోమీటర్లు. కార్టోశాట్-2కు పది కిలోమీటర్లైనను లేదు. చూపు సన్నబడినకొలది పట్టీ ఇఱుకగును. దేశమంతయు చూచుటకు పట్టు దినములు పెరుగును. కావుననే పంటలను, వఱదలను చూచుటకు నేటికిని మోటు చూపుగల ఉపగ్రహములను కూడ ఎగురవేయుచున్నారు. తంజావూరు గోడ యెదుట ట్రైప్ పడిన సందిగ్ధమే ఇది: గోడయా, అక్షరమా? ప్రజలు చేతిసొమ్ముతో కొను కెమేరాల అంగడిలో కంటె ఈ ఆకాశపు పనిలో ఆ విచారణ నిజాయితీతో జరిగినది. ఇచ్చట ముందు పని నిర్ణయింపబడి, తరువాత చుక్క నిర్ణయింపబడినది.

మరల ధర్మపురి నేలకు వచ్చినచో, తగడూరు అను పాత పేరుగల ఈ సీమ వీరశిలలకు ప్రసిద్ధము. పశువులను తరలించుకొని పోవు శత్రువులతో పోరాడి పడిన వీరులకు ఊరివారు నిలిపిన శిలలు అవి. పల్లవుల నాటి వట్టెళుత్తు శాసనములు పెక్కింటిపై కలవు. 1970 దశకమున తమిళనాడు పురావస్తు శాఖ వీటిని చదివించి ప్రకటించినది. ఈ అక్షరములు లోతు తక్కువ, వానకు అరిగినవి, కొన్నింటిపై నూనె, సున్నము, పసుపు పేరుకొన్నవి. నడి యెండలో నిలిచి 6 కోట్ల చుక్కల కెమేరాతో తీసినను ఱాయి బల్లపరుపుగనే కనబడును. ప్రొద్దుపొడుపు వేళ, వెలుతురు ఱాతిని ఒరసికొని పోవునపుడు, అదే అక్షరము నీడతో లేచి నిలుచును. తడి కాగితము అద్ది, సిరాతో మూస తీసెడి శాసన పరిశోధకుల పాత పద్ధతి ఇప్పటికిని బ్రదికియుండుటకు కారణము ఇదియే: అది వెలుతురుపై ఆధారపడదు.

2001లో అమెరికాలో టామ్ మాల్జ్‌బెండరును ఆయన సహచరులును ఒక కొత్త విధానమును ప్రకటించిరి. కెమేరాను కదలకుండ నిలిపి, దీపమును మాత్రము ఱాతి చుట్టును పలు దిక్కులకు మార్చుచు అనేక చిత్రములు తీయుదురు. గణనయంత్రము వాటిని కలిపి, చూచువాడు కోరిన దిక్కునుండి వెలుతురు పడినట్లు చూపును. అరిగిన నాణెములను, మట్టి పలకలను, శాసనములను దీనితో ప్రపంచమున పలుచోట్ల చదువుచున్నారు. ఇందులకు కావలసినది కదలని ముక్కాలిపీట, ఒక దీపము, దీపపు దూరమును కొలుచుటకు ఒక దారము, నిగనిగలాడు రెండు నల్లని గోళీలు (వాటిపై మెరుపు ఎచ్చట పడునో చూచి దీపపు దిక్కును లెక్కింతురు), ఓపికగల ఇద్దరు మనుష్యులు. కెమేరా పదేండ్ల నాటిదైనను, 1.2 కోట్ల చుక్కలదైనను పని జరుగును. అట్టి కెమేరాలు కొత్తవాటి వదంతులు విని మూలకు నెట్టబడి, ప్రతి చిన్న ఊరి స్టూడియోలోను ఒకటి రెండైనను పడియున్నవి.